హునాన్ నుంచి గ్వాంగ్‌షీ దాకా: కొండ వాలుల మీద, నది ఒడ్డున చెక్క ఇళ్ళు

ఈమధ్య మనవాళ్ళ చైనా టూర్లలో హునాన్ రాష్ట్రంలోని ఝాంగ్‌జియాజియె తప్పకుండా ఉంటోంది. కొండ స్తంభాలు చూడటం, గాజు వంతెన మీద ఫోటోలు దిగడం, మర్నాడే విమానం ఎక్కేయడం. కొండలు అద్భుతం, అందులో రెండో మాట లేదు. కానీ అంత దూరం వెళ్ళినవాళ్ళు రైలెక్కి ఇంకాస్త దక్షిణంగా పోతే నదుల ఒడ్డున, కొండ వాలుల మీద చెక్కతో కట్టిన ఊళ్ళు వరసగా ఉన్నాయి. వాటిని చూడకుండానే వచ్చేస్తున్నారే అన్న బాధతో ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ఒక్క సలహా ముందే చెప్పేస్తాను. చైనా పాత కట్టడం అనగానే మన కళ్ళు పైకి తిరిగిన చూరు కొనల మీదకే పోతాయి. ఈ ప్రాంతంలో మాత్రం ముందు ఇంటి కిందకి చూడండి. స్తంభాలు దేని మీద ఆనాయి, వాలుని ఎలా సర్దుకున్నాయి, వరద వస్తే నీళ్ళు ఎటు పోతాయి. అది గమనిస్తే ఏ ఊళ్ళో రాత్రి ఉండాలో, ఏ ఊరు సాయంత్రం చూసి వెళ్ళిపోవచ్చో మీకే తెలిసిపోతుంది. మేం వెళ్ళిన చోట్లన్నిటినీ నేను ఆ లెక్కనే తూచాను.

వెళ్ళింది నేను, నా భార్య, మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి, కాబట్టి ఇక్కడ రాసే మెట్ల గురించి, తిండి గురించి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కాస్త శ్రద్ధగా చదవండి. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా గ్వాంగ్‌జౌ, అక్కడి నుంచి స్పీడ్ రైల్లో ఝాంగ్‌జియాజియె పశ్చిమ స్టేషన్. అక్కడి నుంచి జిషౌ మీదుగా హువాయ్‌హువా వెళ్ళే లైను 2021 డిసెంబర్‌లో మొదలైంది, మేం చూడాలనుకున్న పాత ఊళ్ళు ఫురోంగ్, ఫెంగ్‌హువాంగ్ రెండూ ఆ లైను మీదే ఉన్నాయి. అంతకుముందు కొండ రోడ్ల మీద బస్సుల్లో తిరగాల్సిన దూరాలు ఇప్పుడు టీ తాగేలోపు అయిపోతున్నాయి.

తియన్‌మెన్ కొండకి ఝాంగ్‌జియాజియె ఊరి మధ్య నుంచే కేబుల్ కారు, పొడవు 7,455 మీటర్లు. ఇళ్ళ కప్పుల మీదుగా, పొలాల మీదుగా పైకి పోతుంటే అమ్మ మొదట కళ్ళు మూసుకుంది, కాసేపటికి తనే కిటికీ దగ్గరకి జరిగింది. కొండకి ఉన్న ఆ పెద్ద బిలం ఎత్తు 131.5 మీటర్లు, దాని కిందకి 999 మెట్లు. మెట్లు ఎక్కలేనివాళ్ళకి కొండ లోపల ఎస్కలేటర్లు ఉన్నాయి, అమ్మ వాటిల్లోనే దిగింది, కిందా మీదా సిబ్బంది చెయ్యందించి ఓపిగ్గా సాయం చేశారు. పైన ఉన్న గుడి గురించి మాత్రం నిజం చెప్పాలి. ఆ చోట గుడి ఉండటం వెయ్యేళ్ళకి పైబడిన తాంగ్ రాజుల కాలం నుంచి ఉందంటారు, ఇప్పుడున్న కట్టడం మాత్రం కొత్తగా కట్టినది. ప్రాంగణాలు విశాలం, కప్పులు ఘనం, అయినా అది కొండతో ముడిపడినట్టు నాకనిపించలేదు, నేల చదును చేసి పెట్టినట్టుంది. తియన్‌మెన్‌కి కొండ కోసం వెళ్ళండి. గుడి కోసమే అయితే అంత ఖర్చు అక్కర్లేదు.

ఊళ్ళోనే 72 చీలౌ అని ఒక పెద్ద సముదాయం 2021లో తెరిచారు. ఇక్కడి తుజియా జాతివాళ్ళ స్తంభాల ఇళ్ళని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు 109.9 మీటర్ల ఎత్తు కట్టి, గిన్నిస్ రికార్డు కూడా తెచ్చుకున్నారు. రాత్రి దీపాలు వెలిగాక చూస్తే కళ్ళు చెదిరిపోతాయి, అది ఒప్పుకోవాలి. పిల్లలతో వెళ్తే వాళ్ళకి బాగా నచ్చుతుంది. కానీ అక్కడ స్తంభాలు మోసేదేమీ లేదు, చూర్ల కింద వానకి తడవకుండా కాపాడాల్సిన చెక్క గోడలూ లేవు. ఒక సాయంత్రం గంటసేపు చాలు, ఆ చుట్టుపక్కలే గది తీసుకోవాలన్న ఆలోచన వద్దు.

ఫురోంగ్‌లో కథ మారుతుంది. యోషుయ్ నది ఒడ్డున కొండ అంచు మీద ఊరు, ఊరి మధ్యలోంచి జలపాతం. దీని పాత పేరు వాంగ్‌సున్. 1986లో ఒక సినిమా ఇక్కడ తీస్తే ఊరికి ఎంత పేరొచ్చిందంటే, 2007లో ఆ సినిమా పేరునే ఊరి పేరుగా మార్చుకున్నారు. తుజియా నాయకులు ఈ ప్రాంతాన్ని శతాబ్దాల పాటు ఏలారు, అప్పటి చూ రాజ్యం రాజుతో వాళ్ళు చేసుకున్న ఒప్పందాన్ని చెక్కిన కంచు స్తంభం, క్రీ.శ. 940 నాటిది, ఇక్కడే భద్రపరిచారు. దీపాల ఫోటోల హడావుడిలో దాని దగ్గర ఎక్కువమంది ఆగడం లేదు, మీరు ఆగండి. రాళ్ళు పరిచిన వీధి నది దాకా మెట్లు మెట్లుగా దిగుతుంది, రెండు పక్కలా చెక్క ఇళ్ళు ఆ వాలుకి తగ్గట్టు ఒక్కో మెట్టూ దిగుతూ పోతాయి, పై ఇంటి గడప ఎత్తులో కింది ఇంటి చూరు. జలపాతం పక్కన బసలకి రేట్లు ఎక్కువ, రాత్రంతా నీళ్ళ హోరు. మేం వీధి పైభాగంలో దిగాం, నిద్ర బాగా పట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైన దిగడమే మంచిది, సామాన్లు మోయడం తప్పుతుంది. ఒక రాత్రికి మించి అక్కర్లేదు.

ఫెంగ్‌హువాంగ్ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే నెట్‌లో దీని మీద రెండే అభిప్రాయాలు కనిపిస్తాయి, స్వర్గం అనేవాళ్ళు, కమర్షియల్ అయిపోయిందని కొట్టిపారేసేవాళ్ళు. ఊళ్ళో ఎక్కడ దిగారన్నదాన్ని బట్టి ఇద్దరి మాటా నిజమే. తువోజియాంగ్ నది ఊరిని రెండుగా చీలుస్తుంది. ఎర్ర ఇసుకరాతి కోట గోడ, ద్వారాలు, నది మీద కప్పు ఉన్న హోంగ్‌చియావ్ వంతెన, నీళ్ళలో వరసగా పాతిన రాతి దిమ్మెల మీద నడిచి అవతలి ఒడ్డుకి వెళ్ళే దారి, రెండు ఒడ్డులా స్తంభాల మీద నిలబడ్డ ఇళ్ళు. రచయిత షెన్ సోంగ్‌వెన్ పుట్టిన ఊరు ఇదే, ఆయన పెరిగిన ఇల్లు నడిమి వాకిలితో చిన్నగా, చల్లగా ఉంటుంది. 2013లో ఊళ్ళోకి రావడానికే 148 యువాన్ల టికెట్ పెట్టారు, దుకాణాలవాళ్ళు గొడవ చేశారు, 2016లో ఆ టికెట్ ఎత్తేశారు. ఇప్పుడు వీధుల్లో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు, పాత ఇళ్ళ లోపలికి వెళ్ళాలన్నా పడవ ఎక్కాలన్నా టికెట్ తీసుకోవాలి.

ఆ స్తంభాల ఇళ్ళని అక్కడ దియావ్‌జియావోలౌ అంటారు. ఇంటి వెనక సగం గట్టు మీద, రాతి పునాది మీద ఉంటుంది, ముందు సగం నది మీదకి తోసుకొచ్చి పొడుగాటి కర్రల మీద నిలబడుతుంది. గట్టు మీద స్థలం తక్కువ, వీధికి దుకాణం కావాలి, నది వైపు గాలి కావాలి, వరద వస్తే నీళ్ళు ఇంటిని గుద్దకుండా కింద నుంచి జారిపోవాలి. ఇవన్నీ ఆ కట్టుబడిలో కుదిరాయి. మా అమ్మ పుట్టిల్లు గోదావరి లంక గ్రామం. ఆవిడ అవతలి ఒడ్డున కూర్చుని చాలాసేపు ఆ కర్రల వంకే చూసింది. "ఒరేయ్, మా లంకలో వరదొస్తే గింజలు, సామాన్లు అటకెక్కించి మేం ఏటిగట్టు మీదకి పోయేవాళ్ళం. వీళ్ళు ఇంటినే అటక ఎక్కించేశారు రా" అంది. 2014 జులైలో వచ్చిన వరదకి ఒడ్డున కింది అంతస్తులు మునిగిపోయాయి, ఊళ్ళో కరెంటు పోయింది, వేలమందిని ఖాళీ చేయించారు. కాబట్టి ఎంత తెలివిగా కట్టినా నదికి కోపం వస్తే ఆగదు, జూన్, జులై నెలల్లో వెళ్ళేవాళ్ళు వాతావరణం చూసుకుని వెళ్ళండి.

"ఇన్నేళ్ళు నీళ్ళలో ఉంటే కర్ర కుళ్ళదా?" అని అమ్మ అడిగితే, మా బస నడిపే పెద్దావిడని ఫోన్‌లో అనువాదం పెట్టుకుని అడిగాం. ఆవిడ మమ్మల్ని కిందకి తీసుకెళ్ళి చూపించింది. కర్ర నేరుగా మట్టిలో పాతరు, రాతి దిమ్మె మీద నిలబెడతారు. చైనా ఫర్ అనే చెట్టు మాను వాడతారు, తుంగ్ గింజల నూనె పట్టిస్తారు, ఈ ప్రాంతం ఆ నూనెకి పెట్టింది పేరు. ఇంటి చట్రంలో మేకులు లేవు, దూలం కొనని సన్నగా చెక్కి స్తంభానికి తొలిచిన బెజ్జంలోకి దూర్చి చీల కొడతారు. అందువల్ల ఒక స్తంభం పాడైతే ఇంటిని జాకీలతో కాస్త లేపి దాన్ని ఒక్కదాన్నే మార్చుకుంటారట. ఆ ఇంటి కింద కర్రలు ఒక్కొక్కటి ఒక్కో రంగులో ఉన్నాయి, నల్లబడినవి, బూడిద రంగువి, ఇంకా పసుపు తగ్గనివి. "ఇది ఒరిజినలా, కొత్తదా" అని పట్టి పట్టి అడగడం ఆ తర్వాత మానేశాను. ఎవరో పూనుకుని బాగుచేసుకుంటూ, అందులోనే కాపురం ఉంటూ ఉంటే నాకు అది పాత ఇల్లే. అదే ఒడ్డున కొన్నిచోట్ల సిమెంటు స్తంభాలకి పైన పలకలు తొడిగారు. అవి తెలిసిపోతాయి, అన్నీ ఒకే లావు, ఒకే రంగు.

బస సంగతి. హోంగ్‌చియావ్ వంతెన చుట్టుపక్కల బార్లు ఎక్కువ, అర్ధరాత్రి దాకా మైకులు. మొదట మేం బుక్ చేసుకున్న గది అక్కడే, 'నదికి ఎదురుగా ప్రశాంతం' అని ఫోటోలతో సహా పెట్టారు, తీరా కింద బారు, గోడ చెక్కది, డప్పు మన మంచం మీదే కొడుతున్నట్టు. డబ్బు తిరిగి ఇవ్వం అనేశారు. మర్నాడే నది కిందివైపు, హుయ్‌లోంగ్గె వీధి దాటి, ఒంపు తిరిగే చోటుకి మారిపోయాం. ఆ పెద్దావిడ ఇల్లు అక్కడే. గది 200 యువాన్ల పైచిలుకు, మన డబ్బుల్లో సుమారు 2,500. నేల కిర్రుమంటుంది, పక్క గదిలో దగ్గితే వినిపిస్తుంది, పరుపు పలచన, వానాకాలంలో దుప్పట్లు కాస్త చెమ్మగా ఉంటాయి. వేడినీళ్ళు మాత్రం ధారాళం, బాత్రూం శుభ్రం, ఉదయం బియ్యం జావ, ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంపలు తనే తెచ్చిపెట్టింది. ఎనిమిదింటికే వీధి నిశ్శబ్దం. మా ఆవిడ ఇంకో రాత్రి ఉందామని పట్టుబట్టింది, ఉన్నాం.

చెక్క బసల్లో ఒకటి తప్పకుండా చూసుకోండి, నిప్పు. 2014 జనవరిలో యున్నాన్‌లోని దుకెజోంగ్ పాత ఊళ్ళో మంటలు లేచి వందల ఇళ్ళు బూడిదైపోయాయి. ఈ ఊళ్ళలో రెండు ఇళ్ళ మధ్య కప్పుకంటే ఎత్తుగా, మెట్లు మెట్లుగా లేచిన తెల్ల గోడలు కనిపిస్తాయి. ఒక ఇల్లు అంటుకుంటే మంట పక్కింటికి పోకుండా కట్టినవే అవి. గదిలోకి వెళ్ళగానే మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో, మెట్లు ఎన్ని వైపులా ఉన్నాయో చూసుకోండి. గదిలో అగరొత్తి, దీపం వద్దు. అమ్మ పూజ చేతులు జోడించి కానిచ్చింది.

ఫెంగ్‌హువాంగ్‌లో మియావ్ జాతివాళ్ళ బట్టలు, వెండి కిరీటాలు అద్దెకిచ్చే షాపులు అడుగడుగునా ఉన్నాయి. అద్దె చాలా తక్కువ చెప్పి, ఫోటోలు తీశాక ఒక్కో ఫోటోకి రేటు కడతారు. ముందే మొత్తం ఎంతో ఫోన్‌లో టైప్ చేయించుకోండి. స్టేషన్ నుంచి ఊరి దగ్గరకి అయస్కాంత శక్తితో పట్టాలకి ఆనకుండా నడిచే మాగ్లెవ్ రైలు ఉంది, సరదాకి ఒకసారి ఎక్కొచ్చు.

అక్కడి నుంచి హువాయ్‌హువా వెళ్ళి, పాత లైను మీద నెమ్మదిగా పోయే రైలెక్కి పక్కనున్న గ్వాంగ్‌షీ ప్రాంతంలోని సాన్‌జియాంగ్ చేరాం. స్లీపర్ బోగీలు మన రైళ్ళలాగే, ప్రతి బోగీలో మరిగే నీళ్ళ కుళాయి. సాన్‌జియాంగ్ నుంచి చెంగ్‌యాంగ్‌కి చిన్న బస్సులో వెళ్ళాం. డోంగ్ జాతివాళ్ళ ఎనిమిది పల్లెలు, మధ్యలో లిన్‌షీ ఏరు, దాని మీద వంతెన. ఈ ప్రయాణంలో ఒక్కటే చోటు చూడగలమంటే నేను కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను.

వంతెన కట్టడం 1912లో మొదలై పూర్తవడానికి పన్నెండేళ్ళు పట్టింది. పొడవు 64 మీటర్ల పైన, మీద ఐదు మండపాలు, ఒక్కోదానికి దొంతరలు దొంతరలుగా పెంకుల కప్పు. పైన ఎంత అందమో కింద అంత బుర్ర. ఏట్లోకి దిగి చూడండి, నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు ఒడ్డున నిలబడటానికి చోటుంటుంది. రాతి స్తంభాలకి ఏటికి ఎదురుగా ఉన్న వైపు మొనదేరి ఉంటుంది, ప్రవాహాన్ని చీల్చడానికి. ఆ రాతి మీద ఫర్ దుంగల్ని ఒక వరస పరిచి, దాని మీద ఇంకో వరసని ఇంకాస్త బయటికి తోసి, అలా రెండు వైపుల నుంచీ దగ్గరికి తెచ్చి, మిగిలిన ఖాళీకి పెద్ద దూలాలు వేశారు. అంత పెద్ద మండపాలు పైన ఎందుకంటే, వాటి బరువు ఆ దుంగల్ని కదలకుండా అదిమిపెడుతుంది, వాటి కప్పు వానని కిందకి రానివ్వదు. చెక్క తడవకపోతే వందేళ్ళు నిలుస్తుంది. 1983 వరదలో కొంత భాగం కొట్టుకుపోతే మళ్ళీ అదే పద్ధతిలో కట్టుకున్నారు. డోంగ్ వడ్రంగులు కాగితం మీద ప్లాను గీయరు. వెదురు బద్ద మీద గుర్తులు పెట్టుకుని, ఇల్లంతటి కొలతలూ దాని మీదే మోసుకు తిరుగుతారు. ఒక పల్లెలో కొత్త ఇంటి చట్రం లేపుతుంటే ఆ బద్ద కళ్ళారా చూశాను, నల్ల సిరా గీతలతో నిండిపోయి ఉంది. చైనా చెక్క కట్టడపు పనితనాన్ని యునెస్కో 2009లో గుర్తించింది. మ్యూజియంలో కాక పనిలో ఉండగా దాన్ని చూడాలంటే ఇలాంటి చోటుకే రావాలి.

మాఆన్ పల్లెలో మద్దెల గోపురం ఉంది. నిలువెత్తు మానులు నాలుగు మధ్యలో, వాటి చుట్టూ కప్పులు దొంతరగా, ఆ దొంతరల సంఖ్య ఎప్పుడూ బేసే. లోపల నిప్పు గుంట చుట్టూ ముసలాళ్ళు పేకాడుతుంటారు, టీవీ మోగుతుంటుంది. టూరిస్టులొచ్చారని ఎవరూ లేవరు, జరిగి చోటిస్తారు. అమ్మ అక్కడ గంటసేపు కూర్చుంది, భాష రాకపోయినా ఒక ముసలమ్మతో మోకాళ్ళు చూపించుకుంటూ మాట్లాడేసుకున్నారు. ఈ పల్లెల్లో బసలు పైన చెక్క, కింద ఇటుక, సిమెంటు. ఆ మార్పుని తప్పుపట్టలేను, ఇదివరకు కింది భాగంలో పశువులు, కట్టెలు ఉండేవి, ఇప్పుడు వంటగది, బాత్రూంలు పెట్టుకున్నారు. మాది మూడో అంతస్తు గది, వంతెన కనపడేది, 150 యువాన్లు. లిఫ్టు ఎక్కడా ఉండదు, పెద్దవాళ్ళుంటే కింది గది అడగండి, ఇస్తారు. ఉదయం నూనెలో వేయించిన టీ ఆకుల చారులో బొరుగులు, వేరుశనగలు వేసి ఇచ్చే టీ, కాస్త చేదు, అమ్మకి మాత్రం తెగ నచ్చింది.

గ్వాంగ్‌షీలోనే ఉన్న లోంగ్‌జీ మెట్ల పొలాలకీ వెళ్ళాం, పొలాలు చూడాల్సినవే. కొండ మీది చెక్క హోటళ్ళు మాత్రం నాలుగైదు అంతస్తులు లేచిపోయి ఒకదానికొకటి అడ్డం, గది రేటు చెంగ్‌యాంగ్‌కి రెట్టింపు. సామాన్లు వీపు బుట్టల్లో మోసే ఆడవాళ్ళున్నారు, పెద్ద వయసువాళ్ళే ఎక్కువ. బేరం ఆడకండి.

తిండికి హునాన్‌లో కారం మన నాలుకకి సరిపోతుంది. సమస్యల్లా పంది కొవ్వు, ఆకుకూరలో కూడా వేస్తారు. "మాంసం వద్దు, పంది నూనె వద్దు, గుడ్డు వద్దు" అని చైనీస్‌లో రాయించిన కాగితం ఫోన్‌లో ఉంచుకుని ప్రతిచోటా చూపించాం. టోఫు, వంకాయ, బంగాళదుంప తురుము వేపుడు, అన్నం ఎక్కడైనా దొరికాయి. మా ఆవిడ తెచ్చిన కంది పొడి, ఆవకాయ రోజూ ఒక పూట ఆదుకున్నాయి. డబ్బుకి అలీపేలో మన కార్డు కలుపుకుంటే పల్లెలో టీ కొట్టు దాకా పని చేసింది, అయినా కొంత నగదు దగ్గర పెట్టుకోండి. గూగుల్ మ్యాప్స్ మీద ఆధారపడొద్దు, అమాప్ వేసుకోండి. రైలు టికెట్లు పాస్‌పోర్ట్ నంబరు మీదే, గేటు దగ్గర సిబ్బంది ఉన్న వరసలో నిలబడాలి. చిన్న బసల్లో విదేశీయుల వివరాలు పోలీసులకి నమోదు చేయడం తెలియక తడబడతారు, బుక్ చేసే ముందే మెసేజ్ పెట్టి అడిగితే టెన్షన్ ఉండదు.

అక్టోబర్ 1 నుంచి 7 దాకా, మే మొదటి వారం, చైనా అంతా సెలవుల్లో తిరుగుతుంటుంది, ఆ రోజుల్లో ఫెంగ్‌హువాంగ్ వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఏప్రిల్ గానీ, అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ గానీ చూసుకోండి. పెద్దవాళ్ళుంటే ఝాంగ్‌జియాజియె ముందు పెట్టుకోండి, ఒంట్లో ఓపిక ఉండగానే ఎక్కడాలు దిగడాలు అయిపోతాయి. ఫురోంగ్‌లో ఒక రాత్రి, ఫెంగ్‌హువాంగ్‌లో బార్లకి దూరంగా రెండు, మిగిలినవన్నీ చెంగ్‌యాంగ్‌కి ఇచ్చేయండి. అక్కడి నుంచి సాన్‌జియాంగ్ దక్షిణ స్టేషన్‌కి వస్తే స్పీడ్ రైల్లో గ్విలిన్ గంట లోపే, గ్వాంగ్‌జౌకి కూడా నేరుగా రైళ్ళున్నాయి.